చెరువు నీళ్ల మీద చీటీలు తీసి 24 మందిని కూర్చోబెట్టాం, ఇప్పుడు "మాకు కుర్చీ ఏది" అని లొల్లి

తూముకాడి_మనిషి
మాది నార్కట్‌పల్లి వైపు ఊరు. పేరు చెప్తే మా వాళ్లే చదివి ఇంటికొస్తారు, కాబట్టి వద్దు. చెరువు నీళ్ల మీద ఏటా యాసంగిలో తగువే. ఆయకట్టు రైతులు తూము తెరవమంటారు, చేపల సొసైటీ మూయమంటుంది, ఆ రాత్రి ఎవరికి బలముంటే వాళ్ల మాట. గ్రామసభలో పెడితే ముందు వరుసలో కూర్చునే పదిమందే మాట్లాడతారు, మిగతావాళ్లు రిజిస్టర్‌లో సంతకం పెట్టి పోతారు. అందుకని ఈసారి కొంతమందిమి కలిసి సర్పంచిని ఒప్పించి, ఓటర్ల జాబితా ముక్కలు చేసి డబ్బాలో వేసి బడి పిల్లలతో చీటీలు తీయించాం. ఎనిమిది వార్డులు, వార్డుకు ముగ్గురు, మొత్తం 24 మంది, సగం ఆడవాళ్లు. వీళ్లు మూడు ఆదివారాలు కూర్చుని అందరి మాటా విని, యాసంగికి తూము ఎన్ని రోజులు తెరవాలి, చేపలకు ఎంత నీళ్లు వదలాలి, పూడిక మట్టి ఎవరికి అన్నది రాసిస్తారు. దాన్ని గ్రామసభలో పెట్టి తీర్మానం చేస్తాం. ప్లాన్ అది.

మొదటి ఆదివారం ఇంకా నాలుగు రోజులుంది. నిన్న రాత్రి సొసైటీ వాళ్లు ఇద్దరొచ్చి గేటు కాడ లొల్లి. చెరువు మీద బతికేది మేము, దాని సంగతి తేల్చేది చీటీలో వచ్చిన కిరాణం షాపాయనా అని. వాళ్లు పోయిన పది నిమిషాలకు ఆయకట్టు పెద్దమనిషి ఫోన్. ఇద్దరూ అడిగేది ఒకటే, ఆ 24 మందిలో మాకు కుర్చీలు కావాలి. ఇస్తే చీటీలు తీసి లాభమేంది? ఇవ్వకపోతే రేపు ఆ తీర్మానాన్ని ఎవడు పాటిస్తాడు? ఎక్కడన్నా ఇట్లాంటిది చేసినవాళ్లు ఉంటే చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

బొంబాయి_బస్సు
కిరాణం షాపాయన ఫొటో పెట్టు అన్నా, ఊళ్లో అందరికీ అప్పు ఇచ్చినోడు ఆయనొక్కడే అయితే అసలైన పెద్దమనిషి ఆయనే 😂

సుద్దముక్క
కుర్చీ ఇవ్వొద్దు. నేను 31 ఏళ్లు బడిలో పనిచేసి రిటైర్ అయ్యాను, ఒక్క మాట చెప్తాను. పరీక్ష రాసేవాడు పేపర్ దిద్దకూడదు. సొసైటీ వాళ్లు రావాలి, చెప్పుకోవాలి, ప్రశ్నలకు జవాబు ఇవ్వాలి, తేల్చేటప్పుడు మాత్రం బయట కూర్చోవాలి. రైతులూ అంతే. సాక్షి వేరు, పంచ్ (తీర్పు చెప్పే పెద్దమనిషి) వేరు.

కొర్రమట్ట
సుద్దముక్క సారూ, మేము పరీక్ష రాసే పిల్లలమా? మాది దేవరకొండ వైపు, మా సొసైటీలో 86 కుటుంబాలు. ఆగస్టులో పిల్ల వేస్తాం, వేసవిలో వల తీస్తాం, మధ్యలో ఎవడో మోటర్లు పెట్టి నీళ్లు గుంజితే రవ్వ, బొచ్చె అన్నీ బురదలో కొట్టుకుని చస్తాయి. ఆ నష్టం ఎన్నడన్నా లెక్క రాశారా? తూములో మాత్రం ఎప్పుడూ రైతులకే లెక్క. 24 మందిలో చేపలు పట్టే ఇంటి నుంచి ఎంతమంది వచ్చారో ముందు అది చెప్పండి.

తూముకాడి_మనిషి
@కొర్రమట్ట ఒక్కరే. అది కూడా ఆ ఇంటి కోడలు, మొన్నే పెళ్లయి వచ్చింది, చెరువు ఇంకా సరిగా చూడలేదంట.

కొర్రమట్ట
అయిపాయె.

మూసీ_ఒడ్డు
చీటీ అంటే అదృష్టం, అదృష్టం అంటే న్యాయం కాదు. ఓటర్ల జాబితా నుంచి తీశారు సరే. మా దగ్గర సగం ఓట్లు ఎల్బీ నగర్‌లో, వనస్థలిపురంలో ఉంటాయి, ఓటేసే రోజు బస్సు కట్టించుకుని వస్తారు. చీటీలో ఎవరెవరు వచ్చారో చూశారా?

తూముకాడి_మనిషి
వచ్చారు 😑 ముగ్గురు హైదరాబాద్‌లో, ఒకాయన మహారాష్ట్ర భీవండిలో. వాళ్ల బదులు మళ్లీ తీశాం.

బొంబాయి_బస్సు
భీవండాయన మా బస్సులోనే పోయి ఉంటాడు. ఆయన్నెందుకు తీసేశారన్నా, చెరువు నిండి ఉంటే ఆయన భీవండి పోయేవాడు కాదు కదా. జోకు కాదు ఇది. మా మక్తల్ దిక్కు వలస పోయినోళ్లకు ఊరి సంగతుల్లో ఏ పేరూ ఉండదు. నీళ్లు లేక పోయినోడికంటే నీళ్ల మీద ఎక్కువ హక్కు ఎవరికుంటది? ఫోన్‌లోనైనా ఒక మాట అడగాలె.

పల్లిచేను
పైన చదివాను. చెరువుతో సంబంధం ఉన్నవాళ్లు అంటే ఇద్దరే అన్నట్టు మాట్లాడుతున్నారు, రైతులు, చేపలోళ్లు. మా వనపర్తి దిక్కు ఒక చెరువు చుట్టూ ఎవరెవరు ఉంటారో చెప్తాను. ఆయకట్టు పట్టాదారు. ఆ పొలం నిజంగా దున్నే కౌలుదారు, ఆయన పేరు ఎక్కడా ఉండదు. శిఖంలో (చెరువు లోపలి భూమిలో) నీళ్లు తగ్గాక దోస, కర్బూజ వేసుకునేవాళ్లు. చాకిరేవు. గొల్లోళ్ల జీవాలు, 2017లో గొర్రెల పథకం వచ్చాక మందలు ఇంకా పెరిగాయి. బర్లు. కట్ట కింద కాకుండా ఆ పక్కన బోర్లు వేసుకున్న రైతులు, చెరువులో నీళ్లుంటేనే వాళ్ల బోరు పోసేది, కాని వాళ్లు ఆయకట్టులో లేరు కాబట్టి వాళ్లనెవరూ పిలవరు. మట్టి తోలుకునే ట్రాక్టరోళ్లు. బతుకమ్మ వేసే ఆడోళ్లు. వీళ్లలో సంఘం ఉన్నది ఎందరికి? సంఘం ఉన్నోడే గేటు కాడికి వచ్చి లొల్లి చేయగలడు. తమ్మీ, నీ గేటు కాడికి రానివాళ్ల సంగతే నాకు భయం.

సుద్దముక్క
ఈ పోస్టు ప్రింటు తీసి గోడకు అంటించాలి.

తూముకాడి_మనిషి
అక్కా, బోర్ల రైతుల సంగతి నిజంగా తట్టలేదు. మా ఇంటి బోరే చెరువు ఎండితే ఆగిపోతది, అయినా తట్టలేదు. సిగ్గుగా ఉంది.

ఫైలు_కదలదు
రెవెన్యూలో పనిచేసి దిగిపోయినవాణ్ణి. మీరు చేసేది మంచిదే గాని, ఫ్యాక్టరీలు, గనుల లాంటివాటి మీద ప్రభుత్వం పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ ఎట్లా జరుగుతదో తెలిస్తే దీనికి కొంత పనికొస్తది. 2006 సెప్టెంబర్‌లో వచ్చిన పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక స్థానిక భాష పత్రికలో ప్రకటన ఇవ్వాలి. సభ పెట్టేది కాలుష్య నియంత్రణ మండలి, కుర్చీలో కలెక్టర్ గాని అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గాని ఉండాలి. నివేదిక సారాంశం తెలుగులో పంచాయతీలో, కలెక్టరేట్‌లో ముందే పెట్టాలి. వీడియో తీయాలి. సభ చివర్లో ఎవరేమన్నారో తెలుగులో చదివి వినిపించాలి. ఇవన్నీ కాగితం మీద బాగుంటాయి. అసలు కిటుకు రెండు చోట్ల ఉంది. ఒకటి, కోరం లేదు. అయిదుగురు వచ్చినా సభ అయినట్టే. రెండోది, అది అభిప్రాయం చెప్పే చోటు మాత్రమే, తేల్చే చోటు కాదు. జనం గొంతు చించుకుని చెప్పింది మినిట్స్‌లో ఒక లైను అయి ఢిల్లీకో హైదరాబాద్‌కో పోతది. మనవాళ్లకు కోపం ఎందుకొస్తదంటే, పిలిచింది అడగడానికి కాదు, అడిగినట్టు రాసుకోవడానికి అని అర్థమైపోతది.

కట్టమీద_కాకి
నేను అట్లాంటి సభ ఒకటి చూసిన. మా పక్కూరికి ఒక కంపెనీ వస్తదంటే టెంటు వేశారు. ముందు నాలుగు వరుసలు ఎవరో తెలియని మొహాలు, అందరికీ ఒకే రంగు టోపీ. కంపెనీ రావాలె అని చప్పట్లు. మా మేనత్త పొలం పోయేది, ఆమె వెనక ఎండలో నిలబడ్డది. మైకు ఆమె దాకా వచ్చేసరికి భోజనాల టైం. ఆమె "నా పొలం" అని మొదలుపెట్టింది, మైకు కట్. బిర్యానీ మాత్రం మంచిగుండె.

బొంబాయి_బస్సు
బిర్యానీ కూడా సంబంధం ఉన్నోళ్లలో ఒకటే 😂

ఫైలు_కదలదు
2024 నవంబర్ 11న వికారాబాద్ జిల్లా లగచర్లలో ఫార్మా భూసేకరణ మీద జరిగింది చూడండి. దుద్యాల దగ్గర సభ ఏర్పాటు చేశారు, రైతులు ఊళ్లోనే ఉండి కలెక్టర్‌నే అక్కడికి రమ్మన్నారు, ఆ తర్వాత దాడి, కేసులు, జైళ్లు. దాడిని నేను సమర్థించను, అధికారి మీద చెయ్యి వేయడం తప్పు. కాని సభ ఎక్కడ పెట్టాలి అన్న దగ్గరే నమ్మకం తెగిపోయిందని ఎవరూ ఆలోచించరు. మీరు 24 మందిని ఎక్కడ కూర్చోబెడుతున్నారు? సర్పంచి ఇంటి వరండాలోనా?

తూముకాడి_మనిషి
...బడిలో.

ఫైలు_కదలదు
మంచిది. వరండా అంటారేమో అనుకున్న.

ఎర్రమట్టి_గద్వాల
నాకొక డౌటు. ఇదంతా ఎందుకు, 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి కదా, వాటి పనే ఇది. కొత్తగా చీటీలెందుకు?

మూసీ_ఒడ్డు
నీటి సంఘంలో ఓటు ఆయకట్టులో సాగు చేసేవాళ్లకే. కొర్రమట్ట అన్నకు అక్కడ కుర్చీ కాదు కదా, గుమ్మం కూడా లేదు. పైగా మా కాడ ఆ సంఘం ఎన్నిక జరిగి ఎన్నేళ్లయిందో ఆ అధ్యక్షుడికే గుర్తు లేదు.

అచ్చంపేట_అడవి
ఇక్కడ అందరూ "చెప్పే హక్కు", "తేల్చే హక్కు" కలిపేస్తున్నారు. మా నల్లమల ముచ్చట. యురేనియం అన్నప్పుడు 2019లో చెంచు పెంటల (గూడేల) నుంచి అచ్చంపేట, అమ్రాబాద్ దాకా అందరూ రోడ్డెక్కారు, ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అంతకుముందు మీ నల్లగొండలో పెద్దగట్టు, లంబాపురం యురేనియం మీద 2003లో సభ పెట్టినప్పుడూ జనం వద్దన్నారు. వీటిల్లో గెలిచింది రోడ్డు. ఒడిశాలో నియమగిరి వేరు. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలకే అప్పగించింది, 12 పల్లెలు కూర్చున్నాయి, పన్నెండుకు పన్నెండు బాక్సైట్ వద్దన్నాయి. అక్కడ ఆ కొండ మీద బతికేవాళ్లే తేల్చారు. సుద్దముక్క సార్ లెక్క ప్రకారం ఆ కొండ మీది గిరిజనులు డోంగ్రియా కోందులు పరీక్ష రాసేవాళ్లు, పేపర్ దిద్దకూడదు. అప్పుడు ఎవరు దిద్దాలి సార్, కంపెనీ వాళ్లా, భువనేశ్వర్‌లో ఉండేవాళ్లా?

సుద్దముక్క
మంచి దెబ్బ. ఒప్పుకుంటా. కాని అక్కడ ఊరంతా ఒక పక్క, బయటినుంచి వచ్చినవాడు ఒక పక్క. ఇక్కడ ఊరిలోనే రెండు పక్కలు. అన్నదమ్ముల పంపకంలో పెద్దన్నను పంచ్‌గా కూర్చోబెట్టం కదా.

అచ్చంపేట_అడవి
అది సరే. కాని మూడు పెంటల చెంచోళ్లను, మండల కేంద్రంలో వ్యాపారం చేసేవాళ్లను ఒకే డబ్బాలో వేసి చీటీ తీస్తే వచ్చేది ఎవరో తెలుసు కదా. తక్కువ మంది ఉన్నోళ్లు చీటీలో ఎప్పుడూ ఓడిపోతారు. అందుకే అడిగేది, డబ్బా ఒకటే ఉండాలా అని.

పల్లిచేను
డబ్బా ఒకటే ఉండొద్దు. వార్డుల వారీగా తీసినట్టే బతుకుదెరువు వారీగా కూడా కొన్ని తీయొచ్చు. చేపల ఇళ్ల నుంచి రెండు, కౌలు ఇళ్ల నుంచి రెండు, జీవాలోళ్ల నుంచి ఒకటి. ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకో తమ్మీ. సొసైటీ అధ్యక్షుడు వచ్చి కూర్చోవడం వేరు, చేపలు పట్టే ఇంటి నుంచి చీటీలో వచ్చిన ఎవరో ఒకామె కూర్చోవడం వేరు. అధ్యక్షుడు సంఘం మాట మోసుకొస్తాడు, ఎటూ జరగలేడు, జరిగితే ఇంటికి పోయి మొహం చూపించలేడు. చీటీలో వచ్చినామెకు ఆ బరువు ఉండదు. ఆమె తన బతుకు తెలిసిన మనిషే, కాని మనసు మార్చుకునే వీలు ఆమెకు ఉంటది.

కొర్రమట్ట
అక్క చెప్పింది నాకు నచ్చింది. అధ్యక్షుడి మీద నాకూ నమ్మకం తక్కువే, లీజు డబ్బు లెక్క అడిగితే ముఖం మాడ్చుకుంటడు. (మా అధ్యక్షుడు ఇది చదవడు, ఆయనకు యూట్యూబే)

విశ్వవిద్యాలయం_గేటు
ఇది కొత్తదేం కాదు, మన పక్కనే జరిగింది. 2001లో మెదక్ జిల్లా అల్గోల్‌లో "ప్రజాతీర్పు" అని పెట్టారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ విజన్ 2020 మీద, వ్యవసాయం ఎటు పోవాలి అని. డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ), హైదరాబాద్ యూనివర్సిటీ, బ్రిటన్ నుంచి రెండు పరిశోధన సంస్థలు కలిసి చేశాయి. జ్యూరీలో ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులు, అందులోనూ ఆడవాళ్లు, దళితులు. ప్రభుత్వం వాళ్లు, శాస్త్రవేత్తలు, విత్తన కంపెనీ వాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పారు, జ్యూరీ వాళ్లను ప్రశ్నలు అడిగింది. మూడు రకాల భవిష్యత్తులు వీడియోలో చూపించారు, మీకేది కావాలో చెప్పండి, లేదా మీరే ఇంకోటి తయారుచేసుకోండి అన్నారు. పక్కన ఇంకో పరిశీలకుల బృందం, ఆట సక్రమంగా సాగుతుందా లేదా చూడటానికి. చివరికి ఏమైంది? రిపోర్టు బయటికొచ్చాక విజన్‌కు డబ్బిచ్చే బ్రిటిష్ సాయం విభాగానికి నచ్చలేదు, జ్యూరీని ఎంచుకున్న పద్ధతి మీదే పెద్ద వాదన నడిచింది.

కాబట్టి తూముకాడి అన్నా, ఓడిపోయిన పక్కవాళ్లు రేపు మొదట పట్టుకునేది తీర్పును కాదు, చీటీ డబ్బాను. అందుకే డబ్బా దగ్గర రెండు పక్కలవాళ్లూ ఉండాలి. తేల్చే దగ్గర కాదు, డబ్బా దగ్గర.

తూముకాడి_మనిషి
ఈ చివరి లైను నాకు మస్తు పనికొచ్చింది. మేము చీటీలు తీసేటప్పుడు వాళ్లను పిలవలేదు. పిల్లలు తీశారు కదా, ఇంకేం కావాలి అనుకున్నాం.

రామన్నపేట_రైలు
ఐర్లండ్‌లో రెండు రకాలుగా చేసి చూశారు. 2012లో రాజ్యాంగం మీద పెట్టిన సభలో 100 మంది, అందులో 66 మంది మామూలు జనం, 33 మంది రాజకీయ నాయకులు, ఒకరు అధ్యక్షత. ఎమ్మెల్యేలు జనం పక్కనే రౌండ్ టేబుల్ మీద కూర్చున్నారన్నమాట. తర్వాత 2016లో పెట్టిన పౌరసభలో నాయకులు లేరు, 99 మంది జనం, ఒక జడ్జి. సంఘాలు, డాక్టర్లు, చర్చి వాళ్లు వచ్చి చెప్పి వెళ్లిపోయారు. అబార్షన్ మీద ఆ సభ చెప్పిందే 2018 రెఫరెండంలో 66 శాతం పైగా ఓట్లతో గెలిచింది. రెండు రకాలూ నడిచాయి. నాయకులు లోపల కూర్చుంటే చెప్పింది అమలయ్యే అవకాశం ఎక్కువ, బయట ఉంటే జనం నోరు విప్పే అవకాశం ఎక్కువ. ఏదో ఒకటి పోతది.

బొంబాయి_బస్సు
33 మంది ఎమ్మెల్యేల పక్కన మా వాడ మనిషిని కూర్చోబెడితే మూడు రోజులూ "నమస్తే సార్" తప్ప ఇంకోటి రాదు.

కట్టమీద_కాకి
ఐర్లండ్ చెరువు నీళ్ల లొల్లి కాదు కదా. అక్కడ వానలే వానలు.

పల్లిచేను
నేను ఉపాధి హామీ సామాజిక తనిఖీలో కొన్నేళ్లు తిరిగాను. ఊరూరా ఇళ్లకు పోయి మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) చదివి, చివరికి మండలంలో ప్రజావేదిక. మొదట్లో వేదిక మీద ఎవరు కూర్చోవాలన్న దాని మీదే సగం ఫలితం ఉండేది. ఒక చోట ఎవరి మీద ఆరోపణలున్నాయో ఆయన్నే వేదిక మీద దండ వేసి కూర్చోబెట్టారు, పెద్దమనిషి అని. కూలీ ఒకామె మాకు ఇంట్లో చెప్పిన మాట అక్కడ చెప్పలేదు. నేను "అమ్మా, మొన్న చెప్పావు కదా" అంటే, "నేనేం చెప్పలేదు బిడ్డా" అంది. ఆమె అబద్ధం చెప్పలేదు, ఆమెకు రేపు పని కావాలి. తర్వాత మండలంలో మేము పట్టుబట్టి ఆ మనిషిని కింద, ఆమెకు ఎదురుగా కాకుండా పక్క వరుసలో కూర్చోబెట్టించాం. ఆయన్ని బయటికి పంపలేదు, జవాబు చెప్పే హక్కు ఆయనకూ ఉంది. కుర్చీ జరిపాం, అంతే. ఆమె లేచి చెప్పింది.

కాబట్టి 24 మంది ముందు ఆయకట్టు పెద్దమనిషి మాట్లాడేటప్పుడు ఆయన పొలం కౌలుకు చేసే మనిషి ఆ 24లో ఉన్నారా చూసుకో. ఉంటే ఆ మనిషి ఆరోజు నోరెత్తరు. ఆయన చెప్పి వెళ్లిపోయాక, తలుపు వేసి, ఒక గంట వాళ్లు మాత్రమే మాట్లాడుకోవాలి.

సుద్దముక్క
తలుపు వేసి. ఇది రాసుకోండి.

ఎర్రమట్టి_గద్వాల
తలుపు వేస్తే బయట "లోపల ఏం సెటిల్ అయింది" అంటారు.

మూసీ_ఒడ్డు
అనేవాళ్లు తలుపు తీసినా అంటారు.

వలబుట్ట
కొత్తగా అకౌంట్ తీసుకున్న, ఈ పోస్టు కోసమే. నేను ఆ ఊరోణ్ణే. పోస్టు పెట్టింది ఎవరో నాకు తెలుసు, తూము కాడ ఏ ఇల్లుందో ఊళ్లో అందరికీ తెలుసు అన్నా. గేటు కాడికి వచ్చింది ఇద్దరం కాదు, నలుగురం. లొల్లి చేయలేదు, అడిగినం. నువ్వు కుర్చీ కూడా వేయలేదు, చాయ్ సంగతి వదిలేయ్. ఇంక రాసిన దాంట్లో తప్పు ఇంకోటుంది. మాకు 24లో కుర్చీ కావాలి అన్నది మా అధ్యక్షుడు. నేను అడిగింది వేరు. "ఎంత నీళ్లు వదలాలి" అని కాగితం మీద ప్రశ్న రాశారు కదా, ఆ ప్రశ్న రాసేటప్పుడు మమ్మల్ని ఎందుకు పిలవలేదు అని. వదలాలి అంటేనే ముందు రైతులవి, మిగిలితే మావి అన్నట్టుంది. ఆ మాట నువ్వు ఇక్కడ రాయలేదు.

బొంబాయి_బస్సు
ఓహో 🍿

కొర్రమట్ట
శాబాష్ తమ్మీ.

తూముకాడి_మనిషి
...సరే. నువ్వన్నది నిజమే. నాకు ఆ రాత్రి కుర్చీ మాటొక్కటే వినిపించింది. చాయ్ సంగతి మా ఇంట్లో కూడా అన్నారు.

విశ్వవిద్యాలయం_గేటు
వలబుట్ట చెప్పిందే ఈ మొత్తం చర్చలో అసలు సంగతి. అందరం కుర్చీల చుట్టూ తిరుగుతున్నాం. డెన్మార్క్‌లో 1980ల నుంచి చేసిన పౌర సమావేశాల్లో మామూలు జనం ప్యానెల్ ముందు తామే ప్రశ్నలు తయారుచేసుకునేది, ఏ నిపుణుణ్ణి పిలవాలో కూడా వాళ్లే చెప్పేవాళ్లు. మీరు ప్రశ్న ముందే రాసిచ్చేశారు. ప్రశ్న ఎవరు రాస్తే సగం జవాబు వాళ్లదే.

తూముకాడి_మనిషి
అప్‌డేట్. మొదటి ఆదివారం వాయిదా వేసి, రెండు రోజులు ప్రశ్న మీదే కూర్చున్నాం. సొసైటీ నుంచి ఇద్దరు, ఆయకట్టు నుంచి ఇద్దరు, బోర్ల రైతులు ఇద్దరు, చాకలి ఇళ్ల నుంచి ఒకామె, గొల్ల పెద్ద ఒకాయన. అరిచారు, లేచిపోయారు, మళ్లీ వచ్చారు. చివరికి ప్రశ్న ఇట్లా అయింది: "చెరువులో నీళ్లు ఏ మట్టం దాకా దిగితే తూము మూయాలి, ఆ మట్టం ఎవరు చూడాలి." రోజుల లెక్క తీసేశాం. మట్టం అయితే కళ్లకు కనిపిస్తది, రోజులైతే కరెంటు పోయింది, మోటర్ ఆగింది అని వంకలుంటాయి. పూడిక మట్టి ప్రశ్న పక్కన పెట్టాం, అది వేరే యుద్ధం.

డబ్బా కూడా మళ్లీ పెట్టాం. వార్డుల వారీగా వచ్చిన 24 అట్లాగే ఉంచి, పల్లిచేను అక్క చెప్పినట్టు ఇంకో ఆరు చీటీలు, చేపల ఇళ్లు, కౌలు, బోర్లు, రెండేసి. అందరి ముందు తీశాం. కొత్త కోడలు ఉంటానంది.

నిన్న ఆదివారం సాక్ష్యాలు. ఆయకట్టు పెద్దమనిషి "నాలుగొందల ఎకరాలు ఎండుతది తల్లీ" అని మొదలుపెట్టాడు. 30 మందిలో కౌలు చేసే ఒకామె మెల్లగా "యాసంగిలో నాట్లు వేసేది నూటయాభై దాటదు కదా పటేలా, మిగతా దాంట్లో వెంచర్ రాళ్లు పాతారు" అంది. ఆయన ఆమె వైపు చూసిన చూపుకి నాకు అక్క చెప్పిన కూలీ ఆమె గుర్తొచ్చింది. కాని ఈమె ఆగలేదు. తర్వాత సొసైటీ వాళ్లు అయిదడుగుల నీళ్లు కావాలన్నారు. అప్పుడు ఒక ముసలమ్మ, పేరు రాయను, "మే నెలలో తూము కాడ ఎన్నడన్నా అయిదడుగులు చూసినవా కొడుకా?" అంటే అందరూ నవ్వారు. వాళ్లు మూడు అన్నారు. కొత్త కోడలు ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. రాత్రిపూట తూము తెరిచేది ఎవరు అని. మొత్తం గది సైలెంట్. ఆ పేరు అందరికీ తెలుసు, ఎవరూ చెప్పలేదు. తలుపు వేసి మాట్లాడుకున్నప్పుడు చెప్పారంట, నాకు తెలియదు, నేను బయటే ఉన్నా.

పల్లిచేను
కోడలుకు నా తరఫున చెప్పు.

ఫైలు_కదలదు
రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీ రాజ్ చట్టంలోనే ఉంది. వచ్చే గ్రామసభ ఎజెండాలో దీన్ని ముందే రాయించండి, లేకపోతే చివర్లో "ఇతర అంశాలు" కింద మూడు నిమిషాల్లో పోతది. మట్టం గీత కట్ట రాయి మీద పెయింట్ చేయించండి, తీర్మానం కాగితం మీద ఉంటే నాలాంటోడి బీరువాలోకి పోతది.

ఎర్రమట్టి_గద్వాల
గీత రాత్రిపూట చెరిపేస్తే?

మూసీ_ఒడ్డు
తూము రాయి మీద సుత్తితో కొట్టించండి. నిజాం కాలం తూములకు అట్లాంటి గాట్లు మా ఊళ్లో ఇంకా ఉన్నాయి, నీరటోళ్లు వాటిని చూసే నీళ్లు వదిలేవాళ్లు.

తూముకాడి_మనిషి
మంచి ఐడియా, రాళ్లు కొట్టే ఆయనతో మాట్లాడతా. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదికి రెండో రోజు, బోర్లోళ్లు, జీవాలోళ్లు, సొసైటీ మళ్లీ.

వలబుట్ట
అన్నా, తొమ్మిదికి మేము చెరువులో ఉంటాం. వల తీసి, తూకం వేసి, సంతకు పంపేసరికి పదకొండు దాటుతది. మళ్లీ మమ్మల్ని అడగకుండానే టైం పెట్టినవ్.

తూముకాడి_మనిషి
పదకొండున్నర. చాయ్ నాది.